మనవడి కోసం దాచిన ఫోర్కు

"మా ఇంట్లో ఉన్న తెలివి ఊరంతా పంచినా మిగులుతుంది" అని అప్పలకొండకీ, వాడి తమ్ముడు గవరయ్యకీ మహా గొప్ప. ముందే పంచేసినట్టున్నారు, ఇంట్లో చిటికెడు కూడా మిగల్లేదు.

ఓ రోజు అప్పలకొండ పెళ్ళాం నూకరత్నం సంతకెళ్తూ, "ఎవర్నీ గుమ్మం తొక్కనివ్వకు" అంది. ఇంకేముంది! తిరిగొచ్చిన ఆవిడకే కర్ర అడ్డం పెట్టాడు మహానుభావుడు. ఆవిడ కూరల సంచీ అక్కడే పడేసి పుట్టింటికి పోయింది. "నీ బతుక్కి ఒక్క పని సవ్యంగా చెయ్యి. నీ చేత్తో సైకిలు బిగించుకుని దాని మీద రా, అప్పుడే నీతో వస్తాను" అని కబురంపింది.

అప్పలకొండకి పెళ్ళామంటే ప్రాణం. ఆవిడ లేని ఇల్లు చూస్తే ఏడుపొచ్చేసేది. ఎలాగో చక్రాలు, సీటు, హ్యాండిలు, బెల్లు అన్నీ పోగేశాడు. ముందు చక్రాన్ని పట్టుకునే ఫోర్కు ఒక్కటే తక్కువైంది. టౌన్లో సైకిల్ షాపు మస్తాన్ రెండు ఫోర్కులు వాడి చేతిలో పెట్టాడు.

"ఇది కార్బన్. బరువే ఉండదు. కానీ గట్టి దెబ్బ తగిలితే లోపల పగులుతుంది, పైకి కనిపించదు. ఇది స్టీలు. కాస్త బరువేగానీ నీ మనవడి దాకా ఉంటుంది. ఆలోచించి ఒకటి పెట్టుకుని, రెండోది తెచ్చిచ్చెయ్."

"పరీక్ష చెయ్యకుండా పెట్టుకోడానికి మనమేమన్నా వెర్రివాళ్ళమా?" అన్నాడు గవరయ్య, ఇంటికి రాగానే. అంతే, రోకలి తెచ్చి కార్బన్ ఫోర్కు మీద ఒక్కటి వేశాడు. ఇద్దరూ కూర్చుని అంగుళం అంగుళం వెతికారు.

"పగులు కనిపించిందా అన్నయ్యా?"

"ఎక్కడా లేదురా."

"అయితే పగిలిపోయినట్టే! కనిపించదని మస్తాన్ చెప్పాడుగా!"

"అమ్మో, ఎంత గండం తప్పింది!" అని అప్పలకొండ దాన్ని పెంటకుప్ప మీద పారేశాడు.

ఇక మిగిలింది స్టీలుది. స్పానరు పెట్టబోతూ ఆగిపోయాడు. "ఒరే, మనవడి దాకా ఉంటుందన్నాడు కదా. నేను వాడేస్తే వాడికేం మిగుల్తుంది?"

"పిల్లాడి సొత్తు ముట్టుకుంటామా, పాపం కాదూ!" అన్నాడు గవరయ్య. దాన్ని పాత పంచెలో చుట్టి, ట్రంకుపెట్టెలో పెట్టి తాళం వేశారు. కన్న పిల్లలే లేరు, మనవడట మనవడు!

మర్నాడు అత్తారింటికి ప్రయాణం. ఫోర్కు లేని సైకిలు ముందు భాగం గవరయ్య భుజాన పెట్టుకుని, ముందు చక్రాన్ని తాడు కట్టి మెళ్ళో తగిలించుకుని నడిచాడు. అప్పలకొండ సీటెక్కి దర్జాగా బెల్లు కొట్టాడు. దారి పొడుగునా జనం పొట్ట చెక్కలయ్యేలా నవ్వుతుంటే, తన సైకిలు చూసి ముచ్చటపడుతున్నారనుకున్నాడు.

సంగతంతా విని నూకరత్నం తల బాదుకుంది. అయినా మొగుడి మొహం చూస్తే జాలేసింది. "సరేలే. ఇంటికెళ్ళి ఆ పెట్టె తీసి, స్టీలుది బిగించుకుని రా. బట్టలు సర్దుకుని కూర్చుంటాను."

అప్పలకొండ మొహం వెలిగిపోయింది. "అంతేనా! ఒక్కమాట మనవణ్ణి అడగాలి కదే. నువ్విక్కడే ఉండు. వాడు పుట్టి, మాటలొచ్చి, సరేననగానే వచ్చి నిన్ను తీసుకెళ్తాను."