నొక్కుకుపోయిన మూల

పరమేశం మాస్టారికి వాదించడం ఇష్టం ఉండదు. రిమోట్‌తో ఎగిరే చిన్న విమానాలు కట్టడం, నడపడం నేర్పుతారాయన. శిష్యుల్లో ఉద్యోగాలు, సంసారాలు ఉన్నవాళ్లే ఎక్కువ. ఎవరైనా ప్రశ్న అడిగితే జవాబు చెప్పరు, ఏదో ఒక పని చెబుతారు. ఆ పని చేసి వచ్చాక కూడా ప్రశ్న మిగిలి ఉంటే మళ్లీ అడగమంటారు.

సన్యాసినాయుడు ఐటీఐలో ఫిట్టర్ పాఠాలు చెబుతాడు. వానాకాలమంతా కూర్చుని ఓ తెల్లటి విమానం కట్టాడు. రెక్కలకు పలచటి తొడుగు అతికించింది అతని భార్య నూకరత్నం. రాష్ట్ర జట్టుకు ఎంపిక పోటీలు పాత రన్‌వే మీద పెట్టారు. కిందటేడు గాలి తిరగబడి అతని విమానం ముక్కలైంది. ఈసారి ఎగరేయకుండా ఇంటికి వెళ్లేది లేదని అందరికీ చెప్పి మరీ వచ్చాడు.

ఉదయం సాధనలో విమానం కాస్త గట్టిగా దిగింది. రెక్కలకేమీ కాలేదు గాని, పొట్టలోని లిథియం బ్యాటరీ ఊడి సిమెంటు మీద పడింది. నాయుడు దాన్ని తీసి తడిమి చూశాడు. ఉబ్బు లేదు, వేడి లేదు, వాసన లేదు. మీటరు పెడితే లోపలి సెల్స్ అన్నీ సమానంగానే చూపించాయి. ఒక మూల మాత్రం కొద్దిగా నొక్కుకుపోయింది. తన రెండో బ్యాటరీ అప్పటికే అయిపోయింది. ఆ విమానానికి సరిపోయేది ఇంకెవరి దగ్గరా లేదు.

అతను మాస్టారి దగ్గరకు వెళ్లి సంగతంతా చెప్పాడు.

"మీటరు బాగుందనే అంటోంది మాస్టారూ. ఇంకా అనుమానిస్తే అది జాగ్రత్తా, పిరికితనమా?"

మాస్టారు ఆ మూలను వేలితో తాకకుండా తిప్పి చూసి, బ్యాటరీ తిరిగి ఇచ్చేశారు. అలాంటి దెబ్బ లోపల చాలాసేపు చడీచప్పుడు లేకుండా ఉండి, తర్వాత ఒక్కసారిగా మంటవుతుందని ఆయన చెప్పలేదు. కొత్తగా చేరినవాళ్లకు ఆ మాట చెప్పేది నాయుడే.

"ఎగరెయ్యాలంటే ఎగరెయ్యి, నేను ఆపను. నీ పేరు పిలిచేదాకా మాత్రం దాన్ని అమ్మాయి ఒళ్లో పెట్టి రా," అన్నారు.

ఇంతేనా అనుకుని నాయుడు, నూకరత్నం కూర్చున్న షామియానా వైపు నడిచాడు. మాస్టారు కూడా కాస్త వెనకగా నడిచారు. విమానాలు మలుపు తిరిగేది ఆ షామియానా కుర్చీల పక్కనుంచే. నూకరత్నం భర్త చేతిలో ఏదో ఉండడం చూసింది. అదేమిటని అడగలేదు.

"ఇటివ్వండి, నేను పట్టుకుంటాను," అని కొంగు పట్టింది.

నాయుడు చెయ్యి చాపబోయాడు. అది సగంలోనే నిలిచిపోయింది. మైకులో అతని పేరు పిలిచారు. ఆమె కొంగు అలాగే పట్టుకుని అతని ముఖంలోకి చూస్తోంది. మళ్లీ పిలిచారు. అతను చెయ్యి వెనక్కి తీసుకున్నాడు.

ఆ తర్వాత అతను ఎవరినీ ఏమీ అడగలేదు. నిర్ణేతల బల్ల దగ్గరకు వెళ్లి తప్పుకుంటున్నానని చెప్పాడు. ఇనప బకెట్టులో పొడి ఇసుక నింపి, బ్యాటరీని అందులో పెట్టి, జనానికీ బళ్లకూ దూరంగా మోసుకెళ్లి దించాడు. ఎవరూ అటు రాకుండా ఎడంగా కూర్చుని కాపలా కాశాడు. పైన మిగతావాళ్ల విమానాలు గిరికీలు కొడుతున్నాయి. వాటివైపు చూస్తే మనసు మారుతుందేమోనని తల ఎత్తలేదు. కాసేపటికి నూకరత్నం వచ్చి పక్కన కూర్చుంది. జరిగింది విని, అతని భుజం మీద చెయ్యి వేసింది.

సాయంత్రమైంది. జట్టు పేర్లు చదివేశారు. బకెట్టులోంచి పొగ రాలేదు, చిన్న చప్పుడైనా కాలేదు. మాస్టారు వచ్చేసరికి నాయుడు కళ్లు ఎర్రబడి ఉన్నాయి. దాన్ని మళ్లీ వాడేది లేదని ముందే చెప్పేసి, అప్పుడు అడిగాడు.

"అది నిజంగా మంచిదే అయి ఉంటే, మాస్టారూ?"

మాస్టారు అతని పక్కన కూర్చున్నారు.

"అయి ఉండొచ్చు," అన్నారు. "మరి అమ్మాయి కొంగు పడితే ఎందుకివ్వలేకపోయావు?"