చెక్క దిండు

వీరలింగానికి ఎముకలు కట్టే విద్య పట్టుబడింది గానీ, ఏడుపు వింటూ పని చేయడం మాత్రం చేతకాలేదు. పిల్ల కెవ్వుమంటే తల్లి గుండెలు బాదుకునేది. ఆ గోలకు అతని వేళ్లు తడబడేవి. ఒకసారి ఒక తాత, మనవడి చెయ్యి చూసి కళ్లు తిరిగి నూనె గిన్నె మీద పడ్డాడు. ఆ రోజు ఇద్దరికీ కట్లు కట్టాల్సి వచ్చింది.

అప్పటినుంచి కట్టు కట్టేటప్పుడు మఠంలో వైద్యం చేసే గదికి గడియ పెట్టేవాడు. అయినవాళ్లంతా వసారాలోనే. ఊళ్లోవాళ్లు అతన్ని గడియ సామి అని నవ్వుకునేవారు. గురువు పరదేశయ్య, చేతులు వణుకుతున్నాయని వైద్యమంతా శిష్యుడికే అప్పజెప్పి, వసారాలో కట్లకు వెదురు బద్దలు చెక్కుతూ కూర్చునేవాడు.

పశువుల మేతకు తెస్తున్న వేరుశనగ కట్టె బండి మీదినుంచి పడి ఆరేళ్ల నాగరత్నం మోచెయ్యి విరిగింది. తల్లి మారెక్క గడప దగ్గర బతిమాలింది.

"నోరెత్తను సామీ. ఒక మూల కూచుంటా."

"అందరూ అట్లే అంటారమ్మా," అని అతను తలుపు వేశాడు.

పిల్లను పడుకోబెట్టి తల కింద చెక్క దిండు పెట్టాడు. నడుమ గుంటగా తొలిచిన చిన్న దిండు అది. తల కదలకుండా పట్టి ఉంచుతుందని, అదీ వైద్యంలో భాగమేనని అతని నమ్మకం. నాగరత్నం తలుపు వంక ఒకసారి చూసింది. ఆ తర్వాత ఇంటి కప్పునే చూస్తూ ఉండిపోయింది. ఎముక లాగి సరిచేసినా కిక్కురుమనలేదు.

ఇంత గట్టి పిల్లను చూడలేదని అతను గురువుతో గర్వంగా చెప్పాడు. తనకూ ఆ వయసులోనే చెయ్యి విరిగితే ఇదే గదిలో కట్టు కట్టారు. ఒక్క చుక్క కన్నీరు పెట్టలేదు తను. ఆ మాట మఠానికి వచ్చినవాళ్లందరికీ చెప్పేవాడు.

మూడో రోజు కట్టు విప్పి ఎముక మళ్లీ సవరించాలి. ఈ మూడు రోజులూ పిల్ల నోరు విప్పలేదనీ, తన చేతి ముద్ద తినలేదనీ, తనవైపు చూడటమే మానేసిందనీ మారెక్క చెప్పింది.

వీరలింగం తలుపు వేయబోతుంటే పరదేశయ్య లోపలికి వచ్చాడు. పిల్ల తలను మెల్లగా ఎత్తి, దిండు తీసి చంకలో పెట్టుకున్నాడు.

"తల ఆనించుకోవడానికి ఏమీ లేదమ్మా. నువ్వొచ్చి కూర్చో," అన్నాడు మారెక్కతో.

దిండుతో వసారాలోకి వెళ్లిపోయాడు. తలుపు తెరిచే ఉంది.

మారెక్క పిల్ల తలను ఒళ్లోకి తీసుకుంది. నిజంగానే నోరెత్తలేదు. కట్టు మొదటి చుట్టు విప్పగానే నాగరత్నం బావురుమంది. అమ్మా అమ్మా అని మఠమంతా దద్దరిల్లేలా ఏడ్చింది. వీరలింగం పళ్లు బిగించి పని పూర్తి చేశాడు. అంతా అయ్యాక పిల్ల వెక్కుతూనే అన్నం అడిగింది.

అతను చెమట తుడుచుకుంటూ వసారాలోకి వచ్చాడు.

"మొన్న అస్సలు ఏడవలేదు స్వామీ."

"నువ్వూ ఏడవలేదు," అన్నాడు గురువు. "సంతలో దొరికావని ఎవరో నిన్ను తెచ్చి దించి వెళ్లిపోయారు. నా రెండు చేతులూ నీ చేతి మీదే ఉండాలి కదా. నిన్ను ఒళ్లో పడుకోబెట్టుకునే మనిషి కోసం ఊరంతా కబురు పెట్టాను. ఎవరూ రాలేదు."

దిండు గుంటలో వేళ్లు పెట్టి నిమిరాడు.

"అప్పుడు నీకోసమే తొలిచాను దీన్ని."

వీరలింగం దిండును చేతుల్లోకి తీసుకున్నాడు. గుంట అరచేయంత ఉంది. లోపల నాగరత్నం ఇంకో ముద్ద పెట్టమంటోంది.