తోక తెగిన తీర్పు

అనగనగా ఒక అడవిలో ఎలుగుబంటి పెద్దయ్య తీర్పులు చెబుతుండేవాడు. ఆయనకు తెలిసిన చట్టమంతా కలిపి ఒకే ఒక్క మాట. కోర్టు వరండాలో పెరిగొచ్చిన చిలుక నోట విన్నాడు దాన్ని.

ఒకనాడు కుందేలమ్మ రొప్పుతూ వచ్చింది. "పెద్దయ్యా! పిల్లలతో గడ్డికెళ్లొచ్చేసరికి నా బొరియలో ముంగిస దూరింది. వెళ్లగొట్టండి!"

పెద్దయ్య గొంతు సవరించుకున్నాడు. "స్టేటస్ కో! తగువు తేలేదాకా ఎక్కడివాళ్లు అక్కడే ఉండాలి."

కుందేలమ్మ నిర్ఘాంతపోయింది. "అంటే, అది లోపలా? నా పిల్లలు బయటా?"

"చట్టం మాటమ్మా. నేనేం చేసేది?"

వాన మొదలైంది. కుందేలమ్మ మళ్లీ వచ్చింది. "చిన్నది వణుకుతోంది పెద్దయ్యా." మళ్లీ అదే తీర్పు. మహా గొప్పగా చెప్పాననుకుని ఆయన తేనెకు బయల్దేరాడు.

తిరిగొచ్చి చూస్తే ఏముంది! ఆయన గుహలో దుమ్ములగొండి కాళ్లు బారజాపుకుని పడుకుంది.

"లే! ఇది నా గుహ!"

"ఎక్కడివాళ్లు అక్కడే. తీర్పు తమరిదే కదా పెద్దయ్యా?"

చేతిలో తేనెపట్టు జారి బురదలో పడింది. ఆయన తడిసి ముద్దై చిలుక దగ్గరికి పరుగెత్తాడు. ఆ చెట్టు కిందే కుందేలమ్మ పిల్లల్ని పొదువుకుని కూర్చుంది. చిన్నది వణకడం కూడా మానేసింది.

"ఏం మాట నేర్పావే నాకు? నా గుహ దుమ్ములగొండి పాలైంది!" అని అరిచాడు పెద్దయ్య.

"సగం వదిలేస్తే నేనేం చేసేది? నేనన్నది 'స్టేటస్ కో ఆంటే'!" అంది చిలుక.

"అవును, 'అంటే' అన్నావు! అర్థం చెబుతావని నోరు తెరుచుకుని కూర్చున్నాను. నువ్వేమో తుర్రుమన్నావు!"

"అయ్యో రామా! అది మన 'అంటే' కాదు. 'ఆంటే' కూడా లాటిన్ మాటే. 'ముందు' అని అర్థం. వట్టి స్టేటస్ కో అయితే, ఇప్పుడున్నది ఉన్నట్టే ఉంచాలి. ఆంటే చేర్చితే, గొడవకు ముందు ఎలా ఉందో అలా చేయాలి."

పెద్దయ్య కుందేలమ్మ ఒడిలోని చిన్నదాని వైపు చూశాడు. మాట తోక తెంపినందుకు ఈ పసిదానికి ఇంత పని జరిగిందా? ఆయన బొరియవైపు నడిచాడు.

"మరి మీ గుహ?" అంది కుందేలమ్మ.

"ముందు నీ ఇల్లు," అన్నాడు.

ఆయన ఒక్క గర్జన గర్జిస్తే ముంగిస పరార్. కుందేలమ్మ చిన్నదాన్ని లోపలికి తీసుకుపోయి పొట్టకు హత్తుకుంది. పెద్దయ్య వానలోనే కూర్చుని బొరియకు చెవి ఆనించాడు. ఎంతసేపటికీ చప్పుడు లేదు. ఆఖరికి లోపలినుంచి చిన్న తుమ్ము వినిపించింది. పెద్దయ్య భోరుమన్నాడు.

నీతి: ఉన్నది ఉన్నట్టే ఉండాలని చెప్పే ముందు, అది అలా ఎలా అయిందో అడగాలి.