ఎలుగుబంటి చోటులో వేపమండలు

మధ్యాహ్నం దాటింది. మబ్బు పట్టి ఉక్కగా ఉంది. ఏటిగడ్డ అడవిలో జంతువులు కొండగుహలో కూర్చుని ఎండిన ఇప్పపువ్వు ఏరుతున్నాయి. ఎలుగుబంటి గంగులు, నక్క నాంచారి, ముసలి కుందేలు, ముంగిస మంగమ్మ, దాని ముగ్గురు పిల్లలు. రాబోయే వానాకాలమంతా అందరికీ అదే తిండి.

గుహ మధ్యలో ఒక రాతితొట్టి ఉంది. దాహం వేస్తే ఎవరి ఆకుదొప్పతో వారు ముంచుకుని తాగాలి. అది అక్కడి కట్టుబాటు.

గంగులుకు కొన్నాళ్లుగా జలుబు, దగ్గు. కారే ముక్కును అరచేత్తో తుడుచుకునేది. అదే చెయ్యి పువ్వులో పెట్టేది. దాహమేస్తే తొట్టిలోనే మూతి పెట్టేది.

"ఛీ, ఆ చెయ్యి చూశావా!" అంది నాంచారి, గంగులు బయటికి వెళ్లగానే.

"ఎవరో ఒకరు చెప్పాలి కదా వదినా," అంది మంగమ్మ.

"మొహాన చెబితే మీదపడి రక్కుతాడు. నేను తెలివిగా చెబుతాను, చూస్తూ ఉండు."

మర్నాడు నాంచారి, జబ్బున్న ఇంటికి కట్టినట్టు, గంగులు కూర్చునే చోటు చుట్టూ వేపమండలు గుచ్చింది. పక్కన కొత్త దొప్పల దొంతర పెట్టింది.

గంగులు చూసి మురిసిపోయింది. "నా చోటికి తోరణం కట్టారా! పెద్దరికమంటే ఇదీ!" అంది. దొప్పలు ఎత్తుగా కింద వేసుకుని మరింత దర్జాగా కూర్చుంది. ఆ రోజు నుంచి అందరికంటే ముందు రావడం, అందరికంటే ఆఖర్న వెళ్లడం.

నాంచారి పొట్ట పట్టుకుని నవ్వింది. మంగమ్మకూ నవ్వొచ్చింది. నవ్వి ఊరుకుంది.

తర్వాత ముసలి కుందేలు దగ్గుతో మంచం పట్టింది. ఒక ఉదయం మంగమ్మ చిన్నకూతురు చిట్టి ఒళ్లు జ్వరంతో కాలిపోయింది. ఊపిరి గురగురమంది.

మంగమ్మ బిడ్డను పెద్దకూతురికి అప్పజెప్పి తిన్నగా గుహకు వెళ్లింది. గంగులును పక్కకు పిలిచింది.

"అన్నా, నీ ఒంట్లో బాగాలేదు. తగ్గేదాకా ఇంటిపట్టున ఉండు. దగ్గొస్తే మోచెయ్యి అడ్డం పెట్టుకో. తొట్టిలో మూతి పెట్టకు."

గంగులు వెంట్రుకలు నిక్కబొడుచుకున్నాయి. "అంటే నేను మురికివాణ్ణా?"

మంగమ్మ కదల్లేదు. "మురికి అనలేదన్నా, జబ్బన్నాను. నా చిట్టికీ అదే పట్టుకుంది."

గంగులు తన చోటు వైపు చెయ్యి చూపింది. "మరి తోరణం కట్టారు కదా?"

"తోరణం కాదు. చెప్పలేక గుచ్చిన మండలు."

గంగులు ఆ మండల వైపు చూసింది. "ముందే ఒక్క మాట అనుంటే వినేవాణ్ణి కదా చెల్లీ," అంది. తలవంచుకుని వెళ్లిపోయింది.

మంగమ్మ తొట్టి ఖాళీ చేసి ఇసుకతో తోమింది. గంగులు ముట్టిన పువ్వును వేరుగా పోసి, పారేయమంది. రోజూ గంగులు గుమ్మంలో వేడినీళ్లు, తేనె పెట్టి వచ్చేది.

"నేనేమైనా ముసలి కుందేలునా, నాకు జబ్బులు రావడానికి!" అంది నాంచారి. పారేయమన్న పువ్వును ఇంటికి మోసుకుపోయి తింది. కొద్దిరోజుల్లోనే దగ్గుతో పడింది. దాని నవ్వు ఎటు పోయిందో. అప్పటికి కోలుకున్న గంగులు దాని గుమ్మంలో వేడినీళ్లు పెట్టి, దూరంగా నిలబడి పిలిచేది.

ముసలి కుందేలు మాత్రం మళ్లీ లేవలేదు.

తొలివాన పడిన సాయంత్రం గుహలో పని ముగిసింది. మంగమ్మ తన బొరియ ముందు నిలబడి లెక్కపెట్టుకుంది. పెద్దది వచ్చింది. నడిమివాడు వచ్చాడు. చిట్టి తడికాళ్లతో పరుగెత్తుకొచ్చింది. దాని నుదురు తాకి చూసింది. చల్లగా ఉంది. ఏటి అవతల గంగులు ఇల్లు చేరడం కనిపించింది. దాన్నీ లెక్కలో వేసుకుంది. ముసలి కుందేలు బొరియ వైపు చూసి, లెక్క ఆపేసింది.

నీతి: జబ్బుపడినవారి అశుభ్రత చూసి చాటున నవ్వకండి. ఎదురుగా, మెత్తగా, వేళకు చెప్పండి.