మార్కుల కాగితానికి గుచ్చిన చీటీ

పానకాలు మాస్టారిని ఎవరైనా ఏదైనా అడిగితే ఆయన తిన్నగా జవాబు చెప్పిన దాఖలా పిడుగురాళ్ళలో లేదు. ముప్పై నాలుగేళ్ళు జిల్లా పరిషత్తు హైస్కూల్లో లెక్కలు చెప్పి రిటైరైన మనిషి. పాత శిష్యులు ఆదివారాలు వచ్చి ఏదో ఒక చిక్కు విప్పమంటే, వాళ్ళ చేతికి ఏదో ఒక పని అప్పగించేవారు. పని పూర్తయ్యేసరికి కొందరికి జవాబు దొరికేది, కొందరికి ఒళ్ళు మండేది. ఒళ్ళు మండినవాళ్ళు కూడా పై ఆదివారం మళ్ళీ వచ్చేవారు, అది వేరే సంగతి.

జనవరి మొదటి ఆదివారం పొద్దున్నే కోటేశ్వరి వచ్చి అడిగిన ప్రశ్న ఇది: "మాస్టారూ, మనసుకి నెప్పి లేకుండా ఫీజులు వసూలు చేసే పద్ధతి ఏదైనా ఉందా?"

కోటేశ్వరి పదిహేనేళ్ళ కిందట ఆయన దగ్గరే పదో తరగతి లెక్కలు నేర్చుకుంది. ఇప్పుడు బస్టాండు వెనక, టైర్ల షాపు మేడ మీద రెండు గదులు అద్దెకు తీసుకుని ట్యూషన్ నడుపుతోంది. ఎనిమిది నుంచి పది దాకా అరవై రెండు మంది పిల్లలు, తనకు సాయంగా ఇద్దరు టీచర్లు. నెలకు పిల్లకి పదిహేను వందలు. నోటి లెక్కన చూస్తే ఎవరికైనా కన్నుకుట్టే వ్యాపారమే. చేతికొచ్చేది మాత్రం వేరు. అన్నదమ్ములిద్దరు వస్తే రెండోవాడికి సగమే ఇస్తామంటారు. నెల మధ్యలో చేరినవాళ్ళు సగం నెలకే లెక్క కట్టమంటారు. ఒకాయన డబ్బు పంపేశానంటూ ఫోన్లో స్క్రీన్‌షాట్ పంపితే, తీరా చూస్తే అది పోయిన నెలది. ఇవన్నీ ఆమె ఒక పట్టీలో ఎక్కించి, కట్టినవాళ్ళ పేర్లకు ఆకుపచ్చ, కట్టనివాళ్ళ పేర్లకు ఎరుపు రంగు వేసి పెట్టుకుంది. ఆ ఎరుపు ఈమధ్య కళ్ళు మూసుకున్నా కనపడుతోంది.

క్లాసులో సుద్దముక్క పట్టుకున్న చెయ్యి మాటిమాటికీ ఫోను మీదికి పోతోంది. ఫీజు మెసేజీ తల్లిదండ్రులు చూశారా లేదా? చూసి ఊరుకున్నారా? ఊరుకుంటే ఎందుకు ఊరుకున్నట్టు? మేడ కింద టైర్ల షాపాయన రెండు నెలల అద్దె సోమవారానికల్లా ఇవ్వకపోతే గదులకు తాళం వేస్తానని చెప్పిపోయాడు. పదో తరగతి పరీక్షలా, పది వారాల్లో ఉన్నాయి. ఇన్ని నెత్తిన పెట్టుకున్న మనిషి కుర్చీలో ఎలా కూర్చుంటుంది? మాస్టారి వరండాలో ఆ చివర నుంచి ఈ చివరకు కాలుగాలిన పిల్లిలా తిరుగుతూనే మాట్లాడింది.

"నాకు తోచిన ఉపాయాలన్నీ చేశా మాస్టారూ. ప్రతి నెలా పరీక్ష పెడతన్నా. దిద్దిన కాగితానికి ఫీజు చీటీ గుండుసూదితో గుచ్చి, ఒకే కవర్లో ఇంటికి పంపుతన్నా. బిడ్డకి మంచి మార్కులొస్తే తండ్రి ఆ సంతోషంలోనే డబ్బు తీస్తాడు. నిజం చెప్పాలంటే ఇట్లా మొదలుపెట్టాక వసూళ్ళు పెరిగినయ్ కూడా."

మాస్టారు కళ్ళజోడు సర్దుకున్నారు. "బాగానే ఉందిగా. మరి నెప్పి ఎక్కడమ్మా?"

"షాహిదా దగ్గర," అంది కోటేశ్వరి, ఈసారి నిలబడి. "సున్నపు బట్టీల దగ్గర టిప్పరు తోలే బాజీ కూతురు. పదో తరగతి. మూడు నెలలది, నాలుగున్నర వేలు ఆగింది. గట్టిగా అడిగితే పిల్లని మాన్పించేస్తాడేమోనని భయం. అడక్కపోతే నా గదులకి తాళం పడుద్ది. మంచి పిల్ల మాస్టారూ. పోయిన నెల ఇరవై ఐదుకి పందొమ్మిది తెచ్చుకుంది."

"ఈ నెల కాగితాలు దిద్దావా?"

దిద్దలేదు. శనివారం పదో తరగతికి పరీక్ష పెట్టిన ఇరవై రెండు కాగితాలూ ఆమె సంచీలోనే ఉన్నాయి. మధ్యాహ్నంలోగా దిద్ది, చీటీలు గుచ్చి, రేపు పిల్లల చేతికియ్యాలి. మాస్టారు ఆ కట్ట అడిగి తీసుకుని, ఒక్కో కాగితం మీద పేరున్న మూల లోపలికి మడిచి, పైదాన్ని కిందికీ కిందిదాన్ని పైకీ కలిపేశారు. "నేను చదువుతా. నువ్వు కాగితం చూడకుండా మార్కులు చెప్పు," అన్నారు.

కోటేశ్వరికి ఒళ్ళు మండింది. అద్దె మాట చెబుతుంటే ఈయన పేకముక్కల్లా కాగితాలు కలుపుతున్నాడేమిటని లోపల గొణుక్కుంది. అయినా ఆయన ముందు కాదనే ధైర్యం పదిహేనేళ్ళ కిందట లేదు, ఇప్పుడూ రాలేదు. స్టూలు లాక్కుని గోడ వైపు తిరిగి కూర్చుంది.

ఆయన చదివారు, ఆమె చెప్పింది. మధ్యలో ఫోను రెండుసార్లు టింగుమంది. రెండుసార్లూ ఆమె మెడ తిప్పింది, రెండుసార్లూ మాస్టారు ఆగి, ఆమె మళ్ళీ గోడ వైపు తిరిగాక మొదలుపెట్టారు. నాలుగైదు కాగితాలయ్యేసరికి కోటేశ్వరికి తెలియకుండానే పనిలో ఊపు వచ్చింది. లెక్క చెవిన పడగానే తప్పెక్కడో ఇట్టే పట్టేస్తోంది. ఏడో కాగితంలో ఎవరో సూత్రం సరిగ్గా రాసి విలువలు తారుమారు చేశారు. "విలువలే తప్పాక సూత్రం ఏం చేసుకుంటాం? సున్నా," అంది. చదువు చెప్పడం తనకు ఎంత ఇష్టమో చాలా రోజుల తర్వాత గుర్తొచ్చి ఆమెకు కొంచెం హాయిగా అనిపించింది.

పన్నెండో కాగితం వచ్చింది. "ఎక్స్ స్క్వేర్ మైనస్ ఐదు ఎక్స్ ప్లస్ ఆరు ఈజ్ ఈక్వల్ టు సున్నా," అని మాస్టారు పద్యం చదివినంత శ్రద్ధగా చదివారు. "కాబట్టి ఎక్స్ విలువ ఐదు, ఆరు."

కోటేశ్వరికి నవ్వొచ్చింది. "లెక్కలో కనపడ్డ అంకెలే ఎత్తి కింద పెట్టారు. సున్నా."

మిగతా లెక్కలూ ఆ తీరునే నడిచాయి. అన్నీ కూడితే ఇరవై ఐదుకి ఎనిమిది. "ఎవరో గానీ మాస్టారూ, అసలు పునాదే లేదు. ఇట్లాగే వదిలేస్తే మార్చిలో తప్పడం ఖాయం. ఇప్పుడన్నా ఇంట్లో పిలిచి చెప్పాల," అంది.

మాస్టారు మడత విప్పి కాగితం ఆమె చేతికిచ్చారు. పైన గుండ్రటి అక్షరాలతో షేక్ షాహిదా అని ఉంది.

"ఛ, కాదు. ఏదో కంగారులో రాసుంటది," అంది కోటేశ్వరి. సంచీలోంచి ఎర్ర పెన్ను తీసి, కాగితం ఒళ్ళో పెట్టుకుని వంగింది. "ఇదిగో, సమీకరణం పొల్లు పోకుండా ఎక్కించింది, దానికొకటి ఇయ్యొచ్చు. ఇక్కడ సూత్రం రాసింది, విలువలు తప్పినా సూత్రానికి రెండు. బొమ్మ గీసింది చూడండి, పేర్లు పెట్టలేదంతే, రెండు. ఇక్కడ ఒకటి..." ఎనిమిది పదకొండైంది, పదకొండు పద్నాలుగైంది. పెన్ను ఎక్కడా తడుముకోవడం లేదు, అలవాటైన దారిన పోయినట్టు పోతోంది. ఆమె తల ఎత్తకుండా ఇంకో పేజీ తిప్పబోయి, సూత్రం మాట ఇందాక తానే ఏమందో తలచుకుంది. అక్కడ పెన్ను ఆగింది.

అదే సూత్రం, అదే తప్పు. ఏడో కాగితానికి సున్నా, దీనికి రెండు.

కోటేశ్వరికి సిగ్గేసింది, ఆ వెనకే భయమేసింది. ఏడో కాగితం మడత విప్పి చూసింది. ఒకటో తారీఖునే ఫీజు కట్టే మందుల షాపాయన కొడుకుది. నెలనెలా తన చెయ్యి ఏం చేస్తూ వచ్చిందో అప్పుడు గాని ఆమెకు తెలియలేదు. ఎవరినీ మోసం చెయ్యాలని ఏనాడూ అనుకోలేదు. పోనీలే పాపం, కష్టపడి రాసిందిలే అనుకుంటూ వేసిన మార్కులే అన్నీ. కానీ ఆ పాపం అనేది పట్టీలో ఎర్రరంగు ఉన్న పేర్ల దగ్గరే పుట్టుకొచ్చింది. తండ్రి మార్కులు చూసి సంతోషపడాలి, సంతోషపడితే జేబులో చెయ్యి పెట్టాలి. ఫీజు బాకీ పెరిగేకొద్దీ ఆ పిల్లల మార్కులూ పెరుగుతూ వచ్చాయి. ఆమె మిగతా కాగితాలూ పేర్లు చూడకుండానే దిద్ది, మడతలన్నీ విప్పి, పోయిన నెల మార్కులతో పోల్చింది. షాహిదా కాక అలాంటివాళ్ళు ఇంకా నలుగురు తేలారు.

"వీటినేం చెయ్యను మాస్టారూ?"

"ఎన్నొచ్చినయ్యో అన్ని వేసి ఇంటికియ్యి. ముందు ఆ టిప్పరాయనకి."

"చీటీ గుచ్చి ఇయ్యనా, వద్దా?"

మాస్టారు మంచినీళ్ళ కోసం లోపలికి వెళ్ళారు. కోటేశ్వరి పద్నాలుగు కొట్టేసి ఎనిమిది వేసి, పక్కన సంతకం పెట్టింది. చీటీ గుచ్చింది, తీసింది, మళ్ళీ గుచ్చింది. చివరికి తీసేసి సంచీలో పడేసి స్కూటీ ఎక్కింది.

బట్టీల దారంతా సున్నపు దుమ్ము. గోడలు, తుమ్మచెట్లు, మేకలు, మనుషుల కనురెప్పలు అన్నీ ఒకే తెలుపు. దారి పొడుగునా ఆమె అబద్ధాలు కూడబలుక్కుంటూనే ఉంది. ఈసారి పేపరు కష్టంగా వచ్చిందనాలా, పిల్లకు ఒంట్లో బాలేనట్టుందనాలా? బాజీ టిప్పరు కింద దూరి గ్రీజు పెడుతున్నాడు. ఆమెను చూడగానే బయటికొచ్చి చేతులు తుడుచుకుంటూ, "మేడం, పదో తారీఖుకి ఓనరు అడ్వాన్సు ఇస్తానన్నాడు. ఆ రోజే తెచ్చిస్తా, ఒట్టు," అన్నాడు.

"డబ్బు కోసం రాలేదు బాజీ గారూ," అంది. ఆ మాట ఆమె చెవికే కొత్తగా వినిపించింది.

బాజీ గ్రీజు అంటకుండా కాగితం అంచులు పట్టుకుని చూశాడు. "ఎనిమిదా? పోయిన నెల పందొమ్మిది గదా మేడం?"

కూడబలుక్కున్న అబద్ధాలు రెండూ గొంతు దాకా వచ్చాయి. ఆమె వాటిని మింగేసింది. "పందొమ్మిది తనకి రాలేదండీ. నేను వేశా. మార్కులు బాగుంటే మీరు ఫీజు కడతారని వేశా."

అరుస్తాడని చూసింది. నలుగురినీ పిలిచి చెబుతాడేమో, ట్యూషన్ పరువు ఈ పూటతో సరి అనుకుంది. బాజీ కాగితం మీంచి కళ్ళు ఎత్తలేదు.

"మా పిల్ల చెప్పింది మేడం," అన్నాడు. "రెండు నెలల కాణ్ణించి చెబుతానే ఉంది. నాకు లెక్కలు రావట్లేదు, మేడం ఊరికే మార్కులేస్తన్నారు అని. చదువు ఎగ్గొట్టడానికి కతలు పడతందనుకున్నా. మేడం ఎందుకు తప్పు రాస్తారు, నువ్వే అబద్ధాలాడతన్నావని మొన్న చెయ్యి చేసుకున్నా."

ఆ దెబ్బ ఎవరికి పడాల్సిందో కోటేశ్వరికి తెలుసు. అక్కడే ఏడ్చేయాలనిపించింది గానీ, ఏడవడానికి కూడా తనకు హక్కు లేదనిపించి ఊరుకుంది.

"పది వారాలుంది గదా. పాసవుద్దా?" అని అడిగాడు బాజీ.

"రేపటి నుంచి పొద్దున అయిదున్నరకి పంపండి. నేనొక్కదాన్నే కూర్చోబెట్టుకుని ఏడో తరగతి లెక్కల కాణ్ణించి మొదలుపెడతా. పాసవుద్దని ఇవాళ చెప్పలేను. నెల తర్వాత, ఉన్నది ఉన్నట్టు చెబుతా." స్కూటీ వైపు కదలబోయి, "తన మాట నిజమేనని ఇంటికెళ్ళగానే తనకి చెప్పండి. రేపు నేనూ చెబుతా," అంది.

బాజీ కాగితం నాలుగు మడతలు పెట్టి జేబులో పెట్టుకున్నాడు. "ఫీజు సంగతి మేడం..." అని ఏదో అనబోయాడు. కోటేశ్వరి వినకుండా స్కూటీ తిప్పేసింది. ఒక రకంగా చెప్పాలంటే పారిపోయింది.

మాస్టారి వరండాలో మళ్ళీ అదే తిరుగుడు. జరిగిందంతా ఆయనకు చెప్పింది, దెబ్బ సంగతితో సహా. "ఇంకా నలుగురి ఇళ్ళకి పోవాల. రేపు అద్దె కట్టాల. ఎట్లా కడతానో దేవుడికే తెలియాల. బాజీని మాత్రం నేను అడగలేను మాస్టారూ. సొంత బిడ్డ మీద చెయ్యి చేసుకునేలా చేసినదాన్ని, ఏ మొహం పెట్టుకుని అడగను? ఆయన నాలుగున్నర వేలూ వదిలేస్తా. ఆ నలుగురివీ వదిలేస్తా. అప్పుడన్నా నాకు నిద్ర పడుద్దేమో."

మాస్టారు ఆమె సంచీలో చెయ్యి పెట్టి వెతికి, నలిగిపోయిన చీటీ బయటికి తీశారు. మోకాలి మీద పెట్టి అరచేత్తో ముడతలు సాఫు చేసి, ఆమెకు అందించారు.

"వదలొద్దు," అన్నారు. "ఎనిమిది వేసిన చేత్తో అడిగి చూడు, అప్పుడూ నెప్పి పుడుద్దేమో."