ఎంగిలి పడని గ్లాసు

ప్రశ్న అడిగినవాణ్ణి ముందు మంచినీళ్లు తెమ్మనడం శంకరనారాయణ మాస్టారి అలవాటు. తెచ్చిన చెంబు ఎత్తి, పెదవికి తగలకుండా గొంతులో పోసుకుని, అప్పుడు గానీ నోరు విప్పరు. ఆ ఆదివారం ఆయనకి నీళ్లు అడిగే వ్యవధి కూడా ఇవ్వలేదు శిష్యుడు వరాహమూర్తి. "మర్యాద తెలియని మనిషిని, సొంతవాడైనంత మాత్రాన, ఎంతకాలం భరించాలి మాస్టారూ?" అని మండిపడుతూ వచ్చాడు.

పరాయివాడైతే అంత మంట ఎందుకుంటుంది? ఆ మనిషి సొంత అన్న సింహాద్రి. తండ్రి పోయాక తమ్ముణ్ణి చదివించి ఇంతవాణ్ణి చేసింది ఆయనే, కాదని ఎవరన్నారు? కానీ చేసిన పని చూడండి. కొత్త ఫ్లాటు కోసం వరాహమూర్తి ముచ్చటపడి క్రిస్టల్ వైన్ గ్లాసులు కొన్నాడు. దుకాణంలో ఒక్కోటీ వెలుతురుకి ఎత్తి చూసి, గోటితో మీటి మోత విని, అంచు ఉల్లిపొరలా ఉన్నవే ఏరుకున్నాడు. వాటిని ఇంట్లో ఇంకెవరూ ముట్టకూడదు. తనే గోరువెచ్చటి నీళ్లతో కడిగి, మెత్తటి పాత పంచెగుడ్డతో తుడిచి, అద్దాల బీరువాలో పెట్టేవాడు. పట్టుకుంటే కాడే పట్టుకోవాలి, పోస్తే మూడోవంతే పొయ్యాలి, అంచు పెదవికి ఆనించి కొంచెం కొంచెంగా తాగాలి.

గృహప్రవేశం విందుకి ఆఫీసు పెద్దలంతా వచ్చారు. వైన్ అలవాటు లేని అన్నకి అదే గ్లాసులో ద్రాక్షరసం ఇచ్చాడు వరాహమూర్తి. సింహాద్రి దాన్ని రెండు చేతులా అందుకుని, తల వెనక్కి వాల్చి, చెంబు ఎత్తినట్టు ఎత్తాడు. ఉన్నదే మూడోవంతు, ఎంత వంచినా రాలేదు. వచ్చేసరికి ఒక్కసారిగా వచ్చి చొక్కా మీదా, తెల్లటి బల్లగుడ్డ మీదా పడింది. ఎవరో కిసుక్కున నవ్వారు. వరాహమూర్తికి తల కొట్టేసినట్టయింది. "తాగడం రాకపోతే స్టీలు గ్లాసు అడగాల్సింది అన్నయ్యా, నా పరువు తీశావు" అన్నాడు అందరి ముందూ. సింహాద్రి భోజనం చెయ్యకుండానే ఊరికి వెళ్లిపోయాడు. అప్పట్నుంచీ ఫోన్ ఎత్తడు.

తప్పు చేసిందీ ఆయనే, అలిగిందీ ఆయనేనా? ఇదెక్కడి న్యాయం? వచ్చే వారం పిల్లాడి అక్షరాభ్యాసం. పెదనాన్న ఒళ్లో కూర్చోకుండా వాడు పలక పట్టాలా అని వరాహమూర్తికి లోపల బెంగగానే ఉంది. కానీ తనే వెళ్లి బతిమాలాలా? చచ్చినా వెళ్లడు.

మాస్టారు అంతా విని, "రేపు మీ ఇంటికి వస్తాను" అని మాత్రం అన్నారు.

అన్నట్టే వచ్చి, సోఫాలో కూర్చుని మంచినీళ్లు అడిగారు. గురువంతటివారికి మామూలు గ్లాసులో ఇస్తాడా? వరాహమూర్తి బీరువా తెరిచాడు. ఒక గ్లాసు తీసి, మూడోవంతు నీళ్లు పోసి, కాడ పట్టుకుని తెచ్చి ఇచ్చాడు. మాస్టారు ఎప్పటిలాగే తల ఎత్తి పోసుకున్నారు. నీళ్లు గడ్డం మీదుగా జారి, ఉత్తరీయం తడిపి, కొత్త సోఫా మీదికి కారాయి.

వరాహమూర్తి పరుగున తువ్వాలు తెచ్చాడు. "పర్లేదు మాస్టారూ, పర్లేదు. మీరు ఎత్తి తాగుతారని తెలిసి కూడా ఇందులో తేవడం నాదే పొరపాటు."

వంటింటి గుమ్మంలో ఉన్న భార్య హైమవతి ఇన్నాళ్లూ దిగమింగుకున్న కోపం ఇక ఆపుకోలేకపోయింది.

"ఈ ముక్క బావగారితో అనడానికి మీకు నోరు రాలేదా? ఆయన మాత్రం ఏనాడు ఎత్తకుండా తాగారు? ఆ రోజు వంటింట్లో చొక్కా మీది మరక కడుక్కుంటూ ఏమన్నారో తెలుసా? 'తమ్ముడు ప్రాణంగా కొనుక్కున్న గ్లాసమ్మా, నా ఎంగిలి పడకూడదనుకున్నాను' అన్నారు. చెప్పబోతే ఆయన పేరే ఎత్తొద్దన్నారు మీరు."

వరాహమూర్తి భార్య వైపు చూడలేకపోయాడు, మాస్టారి వైపూ చూడలేకపోయాడు. ఆయన చేతిలోని గ్లాసు అందుకుని, ఏం చెయ్యాలో తోచక, కడగడానికి వంటింటి వైపు తిరిగాడు.

"కడగక్కర్లేదు వరాహమూర్తీ" అన్నారు మాస్టారు, గడ్డం తుడుచుకుంటూ. "నేనూ ఎంగిలి చెయ్యలేదు."