రాజుగారి బుగ్గల మీద మంగు

ఇటు జరుగు లాస్యా, వాడికి కాస్త చోటివ్వు. ఒరేయ్ నందూ, కాళ్ళు ఆడించకురా, నా దుప్పటి మొత్తం నీ కిందికే వెళ్ళిపోయింది. అమ్మ బుగ్గల మీద ఆ గోధుమరంగు మచ్చలేమిటి అమ్మమ్మా అని పొద్దున్న అడిగావు కదూ? దాన్ని మంగు అంటారు. మంగు మీద నాకో కథ తెలుసు. చెబుతాను గానీ, మీరు ఊ కొట్టాలి. మీ ఊ ఆగితే నా కథా ఆగుతుంది, ముందే చెబుతున్నా.

అనగనగా ఒక ఊరు. ఎక్కడుంది అని అడక్కండి, ఆ ఊరికి ఏ బస్సూ వెళ్ళదు. దాని పేరు తళుకుపురం. ఆ ఊరి ఏటి ఒడ్డున ఓ రేవు, ఆ రేవులో ఊరందరి బట్టలూ ఉతికే ఓ ఇల్లు, ఆ ఇంటికి ఓ కోడలు. పేరు నూకరత్నం. చురుకంటే చురుకు కాదు, చాకు! మరక చూసిందంటే చాలు, ఇది పప్పు మరక, ఇది నేరేడుపండు మరక, ఇది వద్దన్నా దొంగతనంగా తిన్న పనసతొన మరక అని టకటకా చెప్పేసేది. నందూ, నువ్వెందుకు నవ్వుతున్నావు? నీ చొక్కా సంగతి నాకూ తెలుసులే.

ఆ నూకరత్నానికి కూతురు కడుపులో ఉండగా రెండు బుగ్గల మీదా మంగు వచ్చింది. కొందరు ఆడవాళ్ళకి అలా వస్తుంది, అదేం తప్పూ కాదు, పాపమూ కాదు. అత్తగారు అప్పాయమ్మ చెప్పిందని మొదట ఇటుకపొడి పెట్టి రుద్దింది. మంట పుట్టింది, మచ్చ ఇంకా నల్లబడింది. ఛీ అని రుద్దడం మానేసింది. రేవులో పైనుంచీ ఎండే, నీళ్ళలోంచి ఎగిరొచ్చేదీ ఎండే. ఎండ తగిలిన వారం మచ్చ ముదరడం, తాటాకు గొడుగు తలకి కట్టుకున్న నెల తగ్గడం కళ్ళారా చూసింది. అప్పట్నుంచీ వేకువనే కొంత ఉతికేది, పొద్దు వాలాక కొంత ఉతికేది. మంగు సగానికి సగం తగ్గింది. తక్కిన సగాన్ని పట్టించుకోవడానికి దానికి తీరిక లేదు. ఊరంతా ఉతకాలి కదా!

ఊ కొడుతున్నారా? ఆఁ, అలా గట్టిగా.

ఇహ ఆ ఊరి రాజు. కందర్ప మహారాజు. ఆయనకి రాజ్యం అంటే ఇష్టం లేదూ, యుద్ధం అంటే ఇష్టం లేదూ, ఆయన మొహం అంటే మాత్రం ప్రాణం. చామనఛాయ, కోల మొహం, ఇంతేసి మీసాలు. రోజూ మిట్టమధ్యాహ్నం, సూర్యుడు నడినెత్తికొచ్చాక మేడెక్కి నిలబడేవాడు. ఎందుకూ? మొహం బాగా మెరుస్తుందని! గొడుగు పట్టబోతే నీడ పడుతుందని విసిరికొట్టేవాడు. పైగా బుగ్గలకి దిట్టంగా అత్తరు నూనె. కింద జనమంతా చేరి రాజుగారి మొహం చూసి జై కొట్టాలి. అదీ ఆ ఊరి ఆచారం.

అలా ఏడాది, రెండేళ్ళు, మూడేళ్ళు. ఓ రోజు అద్దంలో చూసుకుంటే ఏముందీ? ఈ బుగ్గ మీదో మచ్చ, ఆ బుగ్గ మీదో మచ్చ, నుదుటి మీద మేఘంలాగ ఇంకో మచ్చ. రాజుగారు కెవ్వుమన్నాడు. ఆ కేకకి గజశాలలో ఏనుగు కూర్చుండిపోయిందట.

రాజవైద్యుడు భద్రయ్య పరిగెత్తుకొచ్చాడు. ఆయనకి గడ్డం బారెడు, బుద్ధి బెత్తెడు. మచ్చ మీద నిమ్మరసం పిండాడు. నిమ్మరసం మండింది. మంట తగ్గాలని వెన్న రాశాడు. వెన్నకి చీమలు పట్టాయి. చీమలు పోవాలని బూడిద చల్లాడు. బూడిదకి తుమ్ములొచ్చాయి. రాజుగారు హాచ్ అని తుమ్మితే కిరీటం ఎగిరి మంత్రిగారి బోడిగుండు మీద కూర్చుంది. సభలో వాళ్ళు ఎవరు రాజో తెలీక ఇద్దరికీ దండం పెట్టారు!

మర్నాడు మళ్ళీ అదే తంతు. నిమ్మరసానికి మంట, మంటకి వెన్న, వెన్నకి చీమలు, చీమలకి బూడిద, బూడిదకి తుమ్ము, తుమ్ముకి కిరీటం, కిరీటానికి బోడిగుండు! ఆ పైన పీచుపెట్టి రుద్దుడు. పది రోజులయ్యేసరికి మచ్చలు తగ్గడం మాట అటుంచి, కాలిన దోసెల్లాగ అయ్యాయి.

రాజుగారు తలుపులేసుకుని కూర్చున్నాడు. అన్నం తినడు. అద్దాలన్నీ గోడవైపు తిప్పించేశాడు. నవ్వకండర్రా, పాపం, లోపల ఒక్కడూ కూర్చుని నిజంగానే ఏడ్చాడు. నన్ను చూసి ఊరంతా నవ్వుతుంది అనుకున్నాడు. అప్పుడు భద్రయ్య ఓ ఉపాయం చెప్పాడు. ప్రభువులకి మచ్చలున్నప్పుడు ప్రజలకి లేకపోవడమేమిటి, అందరి బుగ్గల మీదా నల్లజీడి రసంతో మచ్చలు పెట్టించేద్దాం, ఇహ నవ్వేవాడెవడు అన్నాడు. రాజుగారికి ఏడుపులో అది బాగానే ఉందనిపించింది. దండోరా వేయించేశాడు. వచ్చే పున్నమికల్లా ముసలీ ముతకా, పిల్లా జెల్లా, అందరి బుగ్గలకీ జీడి మచ్చలు పడాలని.

నల్లజీడి అంటే తెలుసా? మనం తినే జీడిపప్పు కాదు. ఆ గింజ రసంతో బట్టల మీద గుర్తు పెడతారు, ఎన్ని ఉతుకులు ఉతికినా పోదు. ఒంటికి తగిలిందా, బొబ్బలే! ఆ రసం ఎవరింట్లో ఉంటుంది? బట్టలుతికేవాళ్ళింట్లో. అందుకని భటులు తిన్నగా నూకరత్నం గుమ్మంలోకొచ్చి, నాలుగు బానల నిండా రసం తీసిపెట్టమన్నారు.

నూకరత్నం లోపలికి చూసింది. ఉయ్యాల్లో కూతురు, మూడో నెల పిల్ల, వేలు చీకుతూ నవ్వుతోంది. అంత పాలబుగ్గ మీద నల్లజీడి పడితే! అప్పాయమ్మ మూలకి లాక్కెళ్ళి, రాజులతో మనకెందుకే, తీసిచ్చేయ్ అంది.  నూకరత్నం కొంగు బిగించి భటుల దగ్గరికెళ్ళి, బానలు కాదు, నేనే వస్తున్నాను పదండి అంది. చంటిదాన్ని అత్తగారికిచ్చి, ముంతెడు రసం పట్టుకుని బయల్దేరింది.

నిద్రపోయావా లాస్యా? లేదా? మరి ఊ ఏదీ?

సభలో రాజుగారు మొహానికి పంచె అడ్డం పెట్టుకుని కూర్చున్నాడు. పంచె సందులోంచి నూకరత్నాన్ని చూశాడు.

"ఇదేమిటి, నీకప్పుడే పూసేశారా?" అన్నాడు.

"ఎవరూ పుయ్యలేదు మహారాజా. నాది సొంత మంగు."

"సొంతమా!"

రాజుగారు పంచె కింద పడేసి, సింహాసనం దిగి, దగ్గరికొచ్చి వంగి వంగి చూశాడు. నిజమే, తనలాంటిదే! లోకంలో తనొక్కడికే అనుకున్నాడు కదా, కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి, వెంటనే నవ్వొచ్చేసింది. మంత్రిగారూ, ఈవిడకీ ఉందయ్యా అని సంబరంగా చప్పట్లు కొట్టాడు.

ఇదే అదను అనుకుని నూకరత్నం ముంత ముందు పెట్టింది.

"మహారాజా, ఇది బట్ట మీద పడితే గుర్తు, ఒంటి మీద పడితే బొబ్బ. నా మాట నమ్మకపోతే ముందుగా వైద్యులవారి బుగ్గ మీద ఒక్క చుక్క వేయించండి."

అంతే! భద్రయ్య గడ్డం చేత్తో పట్టుకుని స్తంభం వెనక్కి దూకాడు. నాకివాళ జలుబు చేసింది, నాకివాళ తిథి బాగాలేదు, నాకివాళ బుగ్గే లేదు అంటూ ఈ స్తంభం నుంచి ఆ స్తంభానికి, ఆ స్తంభం నుంచి ఈ స్తంభానికి! రాజుగారు చూశాడు. సంగతి బోధపడింది. మొహం ఇంత చిన్నదైపోయింది.

"మరి నా మచ్చల మాటేమిటమ్మా?" అన్నాడు మెల్లిగా, చిన్నపిల్లాడిలాగ.

"మరకైతే బట్ట మీద కూర్చుంటుంది, బండకేసి బాదితే లేచిపోతుంది. ఇది మరక కాదు మహారాజా, చర్మం లోపలి రంగు. రుద్దితే చర్మం చిట్లుతుంది, రంగు ముదురుతుంది. రుద్దుడు మానాలి, నిమ్మరసం మానాలి, అత్తరు నూనె మానాలి. అన్నిటికన్నా ముందు ఆ మిట్టమధ్యాహ్నం మేడ మానాలి."

"మేడ మానితే నా మొహం జనానికెలా కనపడుతుంది?"

నూకరత్నం నోరు మూసుకుందామనే అనుకుంది. కానీ ఆగలేకపోయింది.

"ఎప్పుడు కనపడింది గనక? కళ్ళల్లో సూర్యుడు, కాళ్ళ కింద నిప్పులు! మేమంతా కళ్ళు మూసుకుని, ఓ కాలు మార్చి ఓ కాలు మీద గెంతుతూ జై కొట్టేవాళ్ళం. మూడేళ్ళలో మీకు మీసాలున్నాయని కూడా నాకు తెలీదు!"

 ముందు మంత్రిగారు కిసుక్కుమన్నాడు. ఆయన్ని చూసి భటుడు, భటుణ్ణి చూసి ఇంకో భటుడు, ఆఖరికి రాజుగారే పొట్ట పట్టుకుని నవ్వాడు. గెంతేవారా, ఏదీ, ఎలా గెంతేవారో చూపించమన్నాడు. సభ సభంతా లేచి గెంతింది!

నవ్వడమైతే నవ్వాడు గానీ, రాజు కదా, మెలిక పెట్టాడు. ఆరు నెలలు గడువు, మచ్చలు తగ్గలేదో మళ్ళీ జీడి దండోరా తప్పదన్నాడు. నూకరత్నం సరే అంది. 

ఇహ వైద్యం మొదలు. పగలు బయటికెడితే గొడుగు, అదీ వెడల్పాటిది. పొద్దు నడినెత్తిన ఉన్నంతసేపూ ఇంటిపట్టున. తెల్ల సున్నం గోడల దగ్గరా, నీళ్ళ దగ్గరా మరింత జాగ్రత్త, ఎండ వాటిమీంచి ఎగిరొస్తుంది. మొహం చల్లటి నీళ్ళతో మెత్తగా కడుక్కోవడం, రాత్రిళ్ళు అతిమధురం వేరు పాలల్లో అరగదీసి పల్చగా రాసుకోవడం. అంతే. రాజుగారు రోజుకి మూడుసార్లు కబురు పెట్టేవాడు, తగ్గిందా తగ్గిందా అని. నూకరత్నం రోజుకి మూడుసార్లు కబురు పెట్టేది, ఓపిక ఓపిక అని.

నెల గడిచింది, ఏమీ లేదు. రెండు నెలలు, ఏమీ లేదు. మూడో నెల్లో మచ్చ అంచులు పల్చబడ్డాయి. నాలుగో నెల్లో సగం తగ్గాయి! రాజుగారికి ఆనందం ఆగలేదు. ఎవరికీ చెప్పకుండా గుర్రమెక్కి వేటకి పోయాడు. గొడుగు లేదు, తలపాగా లేదు. మూడు రోజులు అడవిలో ఎండలో గంతులేసి వచ్చాడు. నాలుగో రోజు అద్దం చూస్తే మచ్చలన్నీ మళ్ళీ నల్లగా ప్రత్యక్షం.

భటులు మళ్ళీ గుమ్మంలోకొచ్చారు. ఈసారి అప్పాయమ్మ ఏడుస్తూ పిల్లని గుండెకి హత్తుకుంది. నూకరత్నం చెదరకుండా నడుచుకుంటూ సభకెళ్ళింది.

"నీ వైద్యం మండా! మళ్ళీ వచ్చాయి చూడు!" అని రాజుగారు గట్టిగా అరిచాడు.

"ఎండలోకి వెళ్ళారా మహారాజా?"

"లేదే! ఇంట్లోనే ఉన్నాను!"

"ఇంట్లో ఉన్నవారి ముక్కు మీద తోలెందుకు ఊడుతోంది? మీ వేటబట్టలు నిన్న నా రేవుకే వచ్చాయి. చెమట చారలు, పల్లేరుకాయలు, రేగుపండు మరకలు. మూడు పగళ్ళు తిరిగారు."

  రాజుగారు సింహాసనం మెట్టు మీద చతికిలబడి, తప్పు నాదే నూకరత్నం అన్నాడు. ఇంకా చిన్న గొంతుతో, ఒకవేళ పూర్తిగా పోకపోతేనో అని అడిగాడు. నీకు సిగ్గనిపించదా అని కూడా అడిగాడు.

నూకరత్నం కూడా ఆ మెట్టు కిందే కూర్చుంది.

"మొదట్లో అనిపించింది మహారాజా. నీళ్ళల్లో నా నీడ చూసుకోకుండా నెలరోజులు ఉతికాను. తరవాత నా కూతురు పుట్టింది. అది పాలు తాగుతూ చేత్తో ఈ మచ్చనే తడుముతుంది. దానికి ఇది మచ్చ అని తెలీదు, అమ్మ అని తెలుసు. తగ్గించుకుందాం, జాగ్రత్తపడదాం. కానీ కొంచెం మిగిలిపోతే మాత్రం ఏమైంది? మచ్చ మిగిలినా మొహం మనదేగా!"

 రాజుగారు పంచె అంచుతో కళ్ళు తుడుచుకోబోయాడు. రుద్దకండి మహారాజా, అద్దుకోండి అంది నూకరత్నం! ఇద్దరికీ నవ్వొచ్చేసింది.

ఆ రోజే జీడి దండోరా రద్దు చేయించాడు, గడువూ లేదు గిడువూ లేదన్నాడు. గోడవైపు తిరిగిన అద్దాలన్నీ ఇటు తిప్పించాడు. ఇంకోటి కూడా అడిగాడు, నాకు నీడ పట్టమన్నావు, మరి రోజంతా రేవులో ఉండే మీకెవరు పడతారని. రేవు పొడుగునా తాటాకు పందిళ్ళు వేయించాడు. పొలాల్లో కలుపు తీసే ఆడవాళ్ళకీ, కళ్ళంలో పని చేసేవాళ్ళకీ ఇంటింటికీ గొడుగులు పంపించాడు. మిట్టమధ్యాహ్నం పని ఆపాలని చాటింపు వేయించాడు. ఊరంతా మధ్యాహ్నం గుర్రు పెట్టి నిద్ర! భద్రయ్యకి ఏం పనిచ్చాడో తెలుసా? రాజుగారి వెనకాల గొడుగు పట్టుకుని నడిచే పని. గాలి వీస్తే గొడుగొక వైపు, గడ్డమొక వైపు!

ఏడాదికి రాజుగారి మచ్చలు బాగా తగ్గాయి. దగ్గరికెళ్ళి చూస్తే కాస్త కనపడేవి, అంతే. ఓ చల్లటి పొద్దున్న ఆయనే రేవుకొచ్చాడు. నా పంచె నేనే ఉతుక్కుంటానని పందిరి కింద నీళ్ళల్లోకి దిగాడు. బండకేసి ఒక్కటిచ్చేసరికి పంచె చేజారి ఏట్లో కొట్టుకుపోయింది. పట్టుకోండి పట్టుకోండి అని రాజు, రాజు వెనక మంత్రి, మంత్రి వెనక గొడుగుతో భద్రయ్య, ముగ్గురూ నీళ్ళల్లో దబ్బున పడ్డారు. ఒడ్డున అప్పాయమ్మ చంకలో నూకరత్నం కూతురు అది చూసి కిలకిలా నవ్వింది. పుట్టాక అది అంత గట్టిగా నవ్వడం అదే మొదలట!

అదర్రా సంగతి. రేపట్నుంచి ఎండలో ఆడబోతే ఇద్దరూ టోపీ పెట్టుకోవాలి. మీ అమ్మ పొద్దున్నే చర్మం డాక్టరు రాసిచ్చిన తెల్ల క్రీము పూసుకుంటుంది చూడు, దాంతో ఆడకండి, అది మీ అమ్మ మొహానికి గొడుగు. ఎవరో చెప్పారని ఏది పడితే అది మొహానికి రుద్దకండి. ఎవరి మొహం మీదన్నా మచ్చ కనపడితే వేలెత్తి చూపించకండి. సరేనా?

ఊ అనరేం? లాస్యా... నందూ... సరిపోయింది. కథ కంచి దారి పట్టింది, వీళ్ళేమో నా దుప్పటంతా లాక్కుని నిద్రలోకి జారుకున్నారు.